పాలు తెల్లగానే ఉన్నా పొదుగులో దాగే స్టాఫైలోకాకస్: చిన్న పాడిలో దాన్ని అదుపు చేసే విధానం

పొదుగువాపు అనగానే పాడి రైతుకు గుర్తొచ్చేది ఉబ్బి, ఎర్రబారి, చేయి తగలనివ్వని పొదుగు, పాలలో తరకలు, నెత్తుటి జీర. స్టాఫైలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా వల్ల వచ్చే పొదుగువాపు చాలావరకు ఇలా కనిపించదు. గేదె మేత మానదు, పాలు తెల్లగానే ఉంటాయి, పూటకు అరలీటరు తగ్గితే ఆ నెపం ఎండ మీదికో పచ్చిగడ్డి కొరత మీదికో పోతుంది. ఈలోగా పాలు పితికే చేతులు ఆ క్రిమిని పక్క గేదెకు, అక్కడి నుంచి మరో గేదెకు మోస్తూనే ఉంటాయి. కొట్టంలో ఒక పశువుకు పొదుగు గట్టిపడి, ఒక చన్ను ఎండిపోయి, పశువైద్యుణ్ణి పిలిచే సమయానికి, జబ్బు బయటపడని పశువులు మరికొన్ని ఉంటాయని అనుకోవడమే క్షేమం.

ఈ మార్గదర్శి అయిదు నుంచి ముప్పై వరకు గేదెలు, సంకరజాతి ఆవులు ఉండి, ఎక్కువగా చేతితోనే పాలు పితికే ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రైతుల కోసం రాసినది. కుక్కల చర్మానికి, పందిపిల్లల చర్మానికి, కోళ్ల పాదాలకు పుండ్లు తెచ్చే స్టాఫైలోకాకస్‌లు కూడా ఉన్నాయి, అయితే వాటి జాతులూ, వ్యాపించే తీరూ, చికిత్సా చాలావరకు వేరు కాబట్టి ఇక్కడ వాటి జోలికి పోవడం లేదు.

ముందుగా శత్రువు స్వభావం

ఈ బ్యాక్టీరియాకు స్టాఫైలోకాకస్ అనే పేరు 1882లో స్కాట్లాండ్ శస్త్రవైద్యుడు అలెగ్జాండర్ ఆగ్‌స్టన్ పెట్టాడు. సూక్ష్మదర్శినిలో ద్రాక్షగుత్తిలా కనిపించడమే ఆ గ్రీకు పేరుకు కారణం. దీని గుణాల్లో రైతు తప్పక తెలుసుకోవలసినవి మూడు. మొదటిది, ఇది పొదుగు కణజాలంలో లోతుగా చొచ్చుకుపోయి చిన్న చిన్న చీముగడ్డలు కట్టి, వాటి చుట్టూ మచ్చకణజాలం ఏర్పడేలా చేస్తుంది. ఆ గోడ దాటి మందు లోపలికి చేరడం కష్టం. రెండవది, దాన్ని మింగిన తెల్లరక్తకణాల లోపలే బతికి ఉండగలదు, పైగా చాలా రకాలు పెన్సిలిన్‌ను విరిచేసే ఎంజైమును తయారు చేస్తాయి. మూడవది, పాలలోకి ఇది రోజూ ఒకే మోతాదులో దిగదు. ఒక రోజు లక్షల్లో ఉంటుంది, మరో రోజు పరీక్షకు దొరకనంత తక్కువగా ఉంటుంది. అందుకే ఒక్క పరీక్షలో ఏమీ కనిపించనంత మాత్రాన ఆ పశువుకు జబ్బు లేదని చెప్పడానికి వీల్లేదు.

పేడలో, బురదలో పెరిగే ఈకోలై వంటి క్రిములతో వచ్చే పొదుగువాపుకూ దీనికీ ముఖ్యమైన తేడా ఒకటి ఉంది. దీని ప్రధాన నివాసం జబ్బుపడిన పొదుగే. దాని తరువాత చన్నుల మీది పుండ్లు, పగుళ్లు, మనుషుల చేతులు, ముక్కుపుటాలు వస్తాయి. కాబట్టి కొట్టం నేలను ఎంత కడిగినా, సున్నం ఎంత చల్లినా, అవి మంచి పనులే అయినప్పటికీ, ఈ జబ్బు ఒక పశువు నుంచి మరో పశువుకు పోకుండా ఆపలేవు. ఆపవలసింది పాలు పితికే ఆ పది నిమిషాల్లోనే. సూదిమందు మీద పెట్టే నమ్మకంలో సగం పాలు పితికే క్రమం మీద పెడితే ఫలితం ఎక్కువ అన్నది నా స్థిరాభిప్రాయం.

మొదటి దశ: ఎవరికి ఉందో తేల్చుకోవడం

పాలిచ్చే ప్రతి పశువుకూ, ప్రతి చన్నుకూ విడివిడిగా పరీక్ష చేయాలి. ఇందుకు 1957లో అమెరికాలో రూపొందిన కాలిఫోర్నియా మాస్టైటిస్ టెస్ట్, అంటే సీఎంటీ, నేటికీ కొట్టంలో చేయదగిన మంచి పరీక్ష. నాలుగు గిన్నెలున్న ప్లాస్టిక్ తెడ్డు, ఒక సీసా ద్రావణం ఉంటే చాలు. చన్నులు తుడిచి, మొదటి రెండు మూడు ధారలు వేరే పాత్రలోకి తీసేసి, ఒక్కొక్క చన్ను నుంచి ఒక్కొక్క గిన్నెలోకి సుమారు రెండు మిల్లీలీటర్ల పాలు పితకాలి. అంతే పరిమాణంలో ద్రావణం పోసి, తెడ్డును బల్లపరుపుగా పట్టుకుని పది సెకన్లపాటు గుండ్రంగా తిప్పాలి. పాలు నీళ్లలాగే కదులుతుంటే ఆ చన్ను బాగున్నట్లు. చిక్కబడి, జిగురులా సాగి, గిన్నె మధ్యకు ముద్దగా చేరితే ఆ భాగంలో తెల్లరక్తకణాలు పెరిగినట్లు. ఆ జిగురు కణాల్లోని డీఎన్‌ఏ బయటికి రావడం వల్ల ఏర్పడుతుంది.

సీఎంటీ ద్రావణం దొరకని చోట బట్టల సబ్బుపొడితో కూడా ఇదే సూత్రం మీద పరీక్ష చేయవచ్చు. వంద మిల్లీలీటర్ల నీటిలో మూడు గ్రాముల పొడి కరిగించి, పాలతో సమంగా కలిపి తిప్పి చూడాలి. జిగురు అంత స్పష్టంగా కనిపించకపోవచ్చు గాని, నాలుగు చన్నులను పక్కపక్కన పోల్చినప్పుడు తేడా తెలిసిపోతుంది. పరీక్షించిన పాలను ఏ పద్ధతిలోనైనా పారబోయవలసిందే, దూడకు గాని పిల్లికి గాని పోయకూడదు.

రెండు జాగ్రత్తలు. ఈనిన మొదటి వారంలోనూ, వట్టిపోబోయే ముందు పాలు బాగా తగ్గిన రోజుల్లోనూ ఆరోగ్యంగా ఉన్న పశువు పాలు కూడా కొంత చిక్కబడతాయి. ఆ రోజుల్లో ఫలితాన్ని నమ్మి నిర్ణయాలు తీసుకోకూడదు. అలాగే ఈ పరీక్ష వాపు ఉందని చెబుతుందే గాని అది ఏ క్రిమి వల్లనో చెప్పదు. అది చెప్పగలిగేది ప్రయోగశాల మాత్రమే.

రెండవ దశ: నమూనా తీయడం

జిల్లా కేంద్రాల్లోని పశువ్యాధి నిర్ధారణ ప్రయోగశాలలు, పశువైద్య కళాశాలలు పాల నమూనాలను పరీక్షించి, క్రిమి ఏదో, దానిపై ఏ మందు పనిచేస్తుందో చెబుతాయి. అయితే నమూనా సరిగా తీయకపోతే చన్ను చర్మం మీది క్రిములూ, చేతి మీది క్రిములూ కలిసి పెరిగి ఫలితం ఎందుకూ కొరగాకుండా పోతుంది. పొదుగు తడిగా ఉంటే పూర్తిగా ఆరనివ్వాలి. స్పిరిట్‌లో తడిపిన దూదితో ప్రతి చన్ను కొననూ, కొత్త దూది తీసుకుంటూ, మురికి అంటనంతవరకు తుడవాలి. తుడిచేటప్పుడు ముందుగా మనకు దూరంగా ఉన్న చన్నులు, పాలు తీసేటప్పుడు ముందుగా దగ్గరి చన్నులు: ఈ వరుస పాటిస్తే తుడిచిన చన్నుకు మోచేయి తగలదు. మొదటి ధారలు వదిలేసి, ప్రయోగశాల ఇచ్చిన క్రిమిరహిత గొట్టాన్ని ఏటవాలుగా పట్టుకుని, మూత లోపలి భాగాన్ని ముట్టుకోకుండా, అయిదు నుంచి పది మిల్లీలీటర్లు తీసుకుంటే సరిపోతుంది. గొట్టం మీద పశువు గుర్తు, చన్ను పేరు, తేదీ రాసి మంచులో పెట్టి అదే రోజు పంపాలి. పంపడం కుదరని పక్షంలో గడ్డకట్టించినా స్టాఫైలోకాకస్ చావదు, పరీక్షకు పనికొస్తుంది. యాంటీబయాటిక్ మొదలుపెట్టిన తరువాత తీసిన నమూనా మాత్రం దండగ.

సీఎంటీలో జిగురు కట్టి, ప్రయోగశాలలో క్రిమి దొరకకపోతే, వారం పది రోజుల తరువాత మళ్లీ పంపండి. ముందు చెప్పినట్లు ఈ క్రిమికి దోబూచులాట అలవాటు.

మూడవ దశ: పలుపు రంగు మార్చడం

తేలిన ఫలితాన్ని పుస్తకంలో రాయడం అవసరమే, కాని తెల్లవారుజామున నాలుగున్నరకు పాలు పితికే పాలేరు పుస్తకం తెరిచి చూడడు. జబ్బున్న పశువులకు ఎర్ర పలుపు, అనుమానం ఉన్నవాటికి పసుపు పలుపు, మిగిలినవాటికి మామూలు పలుపు వేస్తే ఆ క్రమం ఎవరికీ చెప్పనక్కరలేదు. వీలైతే ఎర్ర పలుపు పశువులను వరుసలో చివరి గుంజలకు మార్చాలి.

పాలు పితికే వరుస ఇది: ముందుగా తొలి ఈత పశువులు, తరువాత పరీక్షలో మంచివని తేలిన పెద్ద పశువులు, ఆ పైన అనుమానం ఉన్నవి, అన్నిటికన్నా చివర ఎర్ర పలుపువి. ఎక్కువ పాలిచ్చే గేదెను ముందు పితకాలనే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. పాలకేంద్రం బండి వచ్చే సమయం దాటిపోతుందన్న భయం దానికి కారణం. ఆ గేదెకే జబ్బు ఉంటే, రోజూ రెండు పూటలా కొట్టమంతటికీ క్రిమిని పంచుతున్నది ఆ అలవాటే అని గుర్తించాలి.

నాలుగవ దశ: పాలు పితికే తీరు

ఈ భాగాన్ని వివరంగా చెప్పక తప్పదు, ఎందుకంటే ఈ జబ్బు పుట్టినా పోయినా ఇక్కడే.

ముందు చేతులు. సబ్బుతో మోచేతుల వరకు కడుక్కోవాలి, గోళ్లు కత్తిరించి ఉండాలి, చేతిమీద చీముపుండు ఉన్నవారు ఆ రోజులు పాలు పితకకూడదు. ఒక పశువు నుంచి మరో పశువుకు వెళ్లేటప్పుడు చేతులు మళ్లీ కడిగి ఆరనివ్వాలి. ఒకే బకెట్లో ఒకే తుండుగుడ్డ ముంచి అన్ని పొదుగులూ తుడవడం శుభ్రతగా కనిపిస్తుంది గాని, క్రిమికి అంతకన్నా మంచి వాహనం లేదు. మురికి లేని పొదుగును కడగనే అక్కరలేదు. మురికి ఉంటే చన్నుల వరకే నీళ్లు వాడి, ఒక్కొక్క పశువుకు ఒక్కొక్క గుడ్డతో, లేదా పాత వార్తాపత్రిక ముక్కతో, పూర్తిగా తడి ఆరేలా తుడవాలి. గుడ్డలను ఉడికించి ఎండలో వేస్తే మరునాటికి మళ్లీ వాడుకోవచ్చు.

మొదటి ధారలను నేల మీద పితకడం మానేయాలి. నల్లటి గిన్నెలోకి, లేదా గిన్నె మూతికి నల్లగుడ్డ కట్టి దానిలోకి రెండు ధారలు పితికితే తరకలు, నీళ్లపాలు, నెత్తురు జీర వెంటనే కనిపిస్తాయి. దీనికి పట్టే సమయం పశువుకు పది సెకన్లు.

బొటనవేలు లోపలికి మడిచి, కణుపుతో చన్నును నొక్కి లాగే పద్ధతి మన ప్రాంతంలో సర్వసాధారణం. దానివల్ల చన్ను లోపలి పొర నలిగి, పుండుపడి, క్రిమికి దారి ఏర్పడుతుంది. చన్నును నిండు పిడికిలితో పట్టి, పైనుంచి కిందికి వేళ్లను వరుసగా బిగిస్తూ పితకడం సరైన పద్ధతి. చన్నులు పొట్టిగా ఉన్న పశువుకు మాత్రమే రెండు వేళ్లతో పితకవలసి వస్తుంది. చేయి జారడానికి పాలనురగలో వేళ్లు ముంచడం, అందరి గేదెలకూ ఒకే గిన్నెలోని నూనె రాయడం పూర్తిగా మానేయవలసిన పనులు. పొడి చేతులతో పితకడం వారం రోజుల్లో అలవాటవుతుంది. యంత్రంతో పితికేవారు చన్నుకు తొడిగే రబ్బరు గొట్టాలను తయారీదారు చెప్పిన గడువుకు మార్చాలి, పగిలిన రబ్బరులో క్రిమి నిలుస్తుంది, ఎంత కడిగినా పోదు.

పితకడం పూర్తయ్యాక చన్నులను అయోడిన్ ద్రావణంలో ముంచడం ఈ జబ్బును ఆపే పనుల్లో మొదటిది. అర శాతం నుంచి ఒక శాతం అయోడిన్, చర్మం పగలకుండా గ్లిజరిన్ కలిపిన తయారు ద్రావణాలు పశువుల మందుల దుకాణాల్లో దొరుకుతాయి. గాయాలకు రాసే గాఢమైన టింక్చర్‌ను దీనికి వాడితే చన్నులు పగిలి నష్టమే జరుగుతుంది. చిన్న కప్పులో ద్రావణం పోసి ఒక్కొక్క చన్నును కనీసం మూడొంతుల వరకు ముంచాలి. కప్పులో మిగిలింది మళ్లీ సీసాలో పోయకూడదు, ఎర్ర పలుపు పశువులకు వేరే కప్పు ఉండాలి.

ఇక్కడ గేదెలు పెంచేవారికి ప్రత్యేకంగా ఒక మాట. చేపడానికి దూడను వదలడం, చివరి గుక్కలు దూడకు విడిచిపెట్టడం మన పద్ధతి. అయోడిన్‌లో ముంచాక దూడను వదిలితే మందు దూడ నోట్లోకి పోతుంది, చన్ను మీద ఏమీ మిగలదు. కాబట్టి దూడ తాగడం పూర్తయి, దాన్ని కట్టేసిన తరువాతే ముంచాలి. జబ్బున్న తల్లి దూడను మరో పశువు దగ్గరికి వదలకూడదు. చన్ను రంధ్రం మూసుకోవడానికి పితికిన తరువాత అరగంట పైనే పడుతుంది గనుక, ఆ సమయంలో పశువు పడుకోకుండా ఎదుట కొంత మేత వేయాలి.

అయిదవ దశ: ఏ పశువుకు చికిత్స, దేనికి వద్దు

చికిత్స నిర్ణయం పశువైద్యునిది. ఆ నిర్ణయం ఏ లెక్క మీద జరుగుతుందో రైతుకు తెలిస్తే డబ్బు వృథా కాదు. తొలి, మలి ఈత పశువు, జబ్బు సోకి ఎక్కువ కాలం కాకపోవడం, ఒక్క చన్నుకే పరిమితం కావడం, చేతికి గడ్డలు తగలకపోవడం, ప్రయోగశాలలో పెన్సిలిన్‌కు లొంగే రకమని తేలడం: ఇవన్నీ కలిసొస్తే పాలిచ్చే కాలంలోనే నయమయ్యే అవకాశం బాగుంటుంది. అయిదారు ఈతలు దాటి, రెండు మూడు చన్నులు గట్టిపడి, ఇప్పటికే రెండుసార్లు మందు వాడిన గేదెకు చన్నులోకి మళ్లీ అవే మందు ట్యూబులు ఎక్కించడం వల్ల పాలు నాలుగు రోజులు బాగుపడినట్లు కనిపించి, నెలలోపు మళ్లీ మొదటికి వస్తుంది.

చికిత్స మొదలుపెడితే చెప్పినన్ని రోజులు పూర్తి చేయాలి. ఈ క్రిమికి రెండు మూడు రోజుల మందు చాలదు కనుక, వైద్యుడు అయిదు నుంచి ఎనిమిది రోజుల వరకు పొడిగించవచ్చు. ట్యూబు ఎక్కించే ముందు ఆ చన్నును పూర్తిగా ఖాళీ చేసి, కొనను స్పిరిట్ దూదితో శుభ్రంగా తుడవాలి. ట్యూబు మొనను మూడు నాలుగు మిల్లీమీటర్లే లోపలికి పెట్టాలి. మొన మొత్తం దూరిస్తే రంధ్రపు రక్షణ పొర చెడుతుంది. ఒక ట్యూబును రెండు చన్నులకు పంచకూడదు. పాలు రావడంలేదని చన్నులో పుల్లలు, ఈకలు దూర్చే మొరటు వైద్యానికి ఎట్టి పరిస్థితుల్లోనూ ఒప్పుకోవద్దు. ఆ పని చేతులారా జబ్బును లోపలికి నెట్టడమే.

నొప్పికి మందు అడిగేటప్పుడు డైక్లోఫెనాక్ పశువులకు వాడడం మన దేశంలో 2006 నుంచి, కీటోప్రొఫెన్, అసెక్లోఫెనాక్ 2023 నుంచి నిషేధమని గుర్తుంచుకోండి. వాటితో చికిత్స పొందిన పశువు కళేబరాన్ని తిన్న రాబందులు మూత్రపిండాలు చెడి చనిపోవడం ఇందుకు కారణం. మెలాక్సికామ్ ఉంది, అది రాబందులకు సురక్షితమని తేలినది.

చికిత్స సాగే రోజుల్లోనూ, మందు పెట్టె మీద రాసిన గడువు ముగిసే వరకూ ఆ పశువు పాలను, నాలుగు చన్నుల పాలనూ, అమ్మకూడదు, ఇంట్లో వాడకూడదు. మందు ఒక చన్నుకే ఎక్కించాం గదా అని మిగిలిన మూడింటి పాలు బిందెలో కలిపేవారు ఉన్నారు. మందు రక్తంలో చేరి మిగిలిన చన్నుల్లోకీ దిగుతుంది.

ఒక రూపం మాత్రం క్షణం ఆలస్యాన్నీ సహించదు. ఈనిన కొద్ది రోజులకు పొదుగులో ఒక భాగం చల్లబడి, నీలంగానో నల్లగానో మారి, చన్ను నుంచి నెత్తుటి నీళ్లు వస్తూ, పశువు మేత మాని పడిపోతుంటే అది కుళ్లు పొదుగువాపు. ఈ క్రిమి విడిచే విషం ఆ భాగానికి రక్తం అందకుండా చేస్తుంది. మేకల్లోనూ గొర్రెల్లోనూ ఇది మరింత తీవ్రంగా వస్తుంది. 1962 నంబరుకు ఫోన్ చేసి సంచార పశువైద్య వాహనాన్ని పిలవండి. ఆ పొదుగు భాగం దక్కకపోవచ్చు, ప్రయత్నమంతా పశువు ప్రాణం దక్కించుకోవడానికే.

ఆరవ దశ: వట్టికాలాన్ని వాడుకోవడం

పాలిచ్చే కాలంలో లొంగని జబ్బు వట్టికాలంలో, అంటే ఈనే ముందు పాలు పితకడం ఆపిన రోజుల్లో, లొంగే అవకాశం ఎక్కువ. అప్పుడు పాలతో మందు కొట్టుకుపోదు, ఎక్కువ రోజులు నిలిచే మందు వాడవచ్చు, పాలు పారబోయవలసిన నష్టమూ ఉండదు. ఈనడానికి సుమారు 60 రోజుల ముందు పాలు ఆపాలి. ఆవు చూడికాలం దాదాపు 280 రోజులు, గేదెది 310 రోజులు. ఎద కట్టించిన తేదీ రాసుకోని ఇంట్లో ఈ లెక్క కుదరదు, చాలాచోట్ల వట్టికాలం చికిత్స తప్పిపోయేది మందు ఖరీదు వల్ల కాదు, తేదీ తెలియకపోవడం వల్ల. చివరిసారి పూర్తిగా పితికి, వట్టికాలం కోసమే తయారైన ట్యూబులను నాలుగు చన్నులకూ ఎక్కించి, అయోడిన్‌లో ముంచి, ఆ పైన పితకడం ఆపేయాలి. క్లాక్సాసిలిన్ వంటి మందులను ఇందుకు ఎంచుకోవడానికి కారణం, పెన్సిలిన్‌ను విరిచే ఎంజైము వాటిని అంత సులభంగా విరవలేకపోవడం. మొదటి రెండు వారాలు రోజూ దూరం నుంచైనా పొదుగును చూడాలి. ఒక పక్క ఉబ్బితే వైద్యునికి చెప్పాలి. పాలిచ్చే కాలపు ట్యూబులను వట్టికాలానికీ, వట్టికాలపు ట్యూబులను పాలిచ్చే కాలానికీ మార్చి వాడకూడదు.

దూడల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. జబ్బున్న పాలు తాగి, ఆ నోటితో ఒకదాని పొదుగును మరొకటి చప్పరించే పెయ్యలకు, పడ్డలకు మొదటి ఈత నాటికే జబ్బు ఉండవచ్చు. ఆ దూడలను విడివిడిగా కట్టాలి, పాలు కాచి పోయాలి. చన్ను కొనలను కుట్టే ఈగలు కూడా పడ్డలకు ఈ క్రిమిని అంటిస్తాయి గనుక ఈగల నివారణ కేవలం పశువు సుఖం కోసం కాదు.

ఇంటి పాల విషయం

పాలను కాస్తే ఈ క్రిమి చస్తుంది. అయితే పాలు ఎండాకాలంలో గంటల తరబడి బయట ఉన్నప్పుడు క్రిమి పెరిగి విషాన్ని విడిస్తే, ఆ విషం మరిగించినా పోదు. అలాంటి పాలు తాగినవారికి కొన్ని గంటల్లోనే వాంతులు మొదలవుతాయి. పితికిన పాలను వెంటనే కాచడమో చల్లబరచడమో చేయాలి. తరువాత ఎంత మరిగించినా పోయిన సమయానికి అది పరిహారం కాదు.

ఏడవ దశ: మళ్లీ పరీక్ష, కొత్త పశువు

చికిత్స ముగిసిన మూడు నాలుగు వారాలకు సీఎంటీ, ఆ తరువాత వారం పది రోజుల ఎడంతో రెండు మూడు నమూనాలు. అన్నిటిలోనూ క్రిమి లేదని తేలితేనే ఎర్ర పలుపు విప్పాలి. కొట్టమంతటికీ నెలకోసారి సీఎంటీ చేసి, కొత్తగా జిగురు కట్టిన చన్నుల సంఖ్య రాసుకోవాలి. పాత జబ్బు పశువుల సంఖ్య తగ్గకపోయినా, కొత్తవి చేరడం ఆగితే పాలు పితికే పద్ధతి కుదిరినట్లే. కొత్తవి చేరుతుంటే మందు మార్చే ముందు నాలుగవ దశలో ఏ పని తప్పుతున్నదో కొట్టంలో నిలబడి రెండు పూటలు చూడాలి. నయం కాని చన్నును వైద్యుని సలహాతో శాశ్వతంగా ఆపివేసి మూడు చన్నులతో పశువును నడుపుకోవచ్చు. నయంకాని పశువును మాట దాచి సంతలో అమ్మడం మాత్రం జబ్బును మరో ఇంటి కొట్టానికి దాటించడమే, మన కొట్టానికి అది వచ్చిన దారీ చాలాసార్లు అదే.

అందుకే ముర్రా గేదెను కొనడానికి వెళ్లినప్పుడు కొమ్ముల వంపూ, పాలనరమూ చూసే కళ్లతోనే సీఎంటీ తెడ్డునూ చూడాలి. సంచిలో తెడ్డు, ద్రావణం తీసుకెళ్లి, బేరం కుదరకముందే నాలుగు చన్నులూ పరీక్షించండి. చన్నులను వేళ్ల మధ్య నలిపి లోపల తాడులా గట్టిదనం ఉందేమో, నాలుగు పక్కలూ సమానంగా ఉన్నాయేమో తడిమి చూడండి. అమ్మేవారు పరీక్షకు ఒప్పుకోకపోతే ఆ గేదె వారి గుంజకే ఉండడం మేలు. పరీక్షలో బాగుందని తేలి ఇంటికి తెచ్చిన పశువుకు కూడా మొదట పసుపు పలుపే వేసి, రెండవ పరీక్ష అయ్యేవరకు మంచివాటి తరువాతే పితకాలి.